పేరు చెప్పి విడిచిన చేప

“బాట మీద కంప ఎవలేసిండ్రని నన్నడుగుతవేందే? ఎందుకేసిండ్రో పోయి నీ మొగన్ని అడుగు!”

మొగిలవ్వ చేతిలోని చాటను అరుగు మీద ధన్‌మని పెట్టింది. నూకలు ఎగిరి వాకిట్లో పడ్డాయి. కోళ్లకు మాత్రం ఆ పొద్దు పండుగే అయింది.

కోడలు రచన నూకల వైపు చూసింది. అత్త కోపంలో ఉన్నప్పుడు మాట్లాడితే ఒక తప్పు, మాట్లాడకపోతే ఇంకో తప్పు. మాట్లాడకపోవడంలో నష్టం కొంచెం తక్కువ.

ఇంటి ముందు రెండు కార్లు ఆగి ఉన్నాయి. ఒకటి కోరుట్లది, ఇంకొకటి హైదరాబాదుది. పొడుగాటి సంచుల్లో గాలం కర్రలు కార్లకు ఆనించి ఉన్నాయి. వచ్చిన సార్లు చింతచెట్టు నీడలో నిలబడి గోదావరి వైపు చూస్తున్నారు. వాకిట్లో నుంచే నది కనిపిస్తుంది. కనిపించే నదికి పోయే బాట మూసుకుపోయింది.

కోరుట్ల మహేశ్ సారు దర్వాజ దాకా వచ్చాడు. ఆయన బడిపంతులు. ఆదివారం గాలం పట్టుకోకపోతే వారమంతా మనసు బాగుండదంటాడు. మిగిలినవాళ్లను ఈ ఒడ్డుకు తెచ్చేది ఆయనే.

“మాతోని ఏమన్న తప్పు జరిగిందా అమ్మా? పోయినసారి మావోడొకడు గాలం తీగె ఒడ్డు మీద మర్చిపోయిండు. మళ్ల పోయి ఏరుకచ్చినం గూడ.”

“మీ తప్పేం లేదు సార్,” అంది రచన. “మా ఇంట్ల లొల్లి. జరంత కూసోండ్రి. చాయ్ పెడుత.”

“చాయ్ రెండుసార్లు తాగినమమ్మా!” అని ఆయన నవ్వాడు. నవ్వి, లోపల మొగిలవ్వ మొహం చూసి, నవ్వు ఆపుకొని వెనక్కి పోయాడు.

అప్పుడే మామ రాజనర్సు ఒడ్డు మీది గూడెం వైపు నుంచి వచ్చాడు. ముంజేతి మీద ముల్లు గీరిన గీత ఎర్రగా ఉంది. తాడిచెట్టెక్కి దిగే మనిషికి అదొక దెబ్బ కాదు. కాని ఆయన ఆ గీతనే చూసుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు.

“ఏమన్నరు?” మొగిలవ్వ అడిగింది.

“రేగుకంప అడ్డమేసిండ్రు. నడుమ యాపమండ గుచ్చిండ్రు.”

“యాపమండనా?” మొగిలవ్వ గొంతు తగ్గిపోయింది. వేపమండ గుచ్చితే దేవుని పేరు మీద మూసినట్టు. దాన్ని మనుషులు దాటరు.

“కంపేసిన నర్సక్క ఏమంటది మామా?” రచన అడిగింది.

“దివాకర్‌ను రమ్మంటది. నేను తప్పన్న. మా ఇంటిదంత తప్పన్న. ఆమె ఇనది. ‘నువ్వు గాదన్నా, అన్నోడు రావాలె. వచ్చి నోరు జారిందని అననీ, నా చేతులతోనే కంప తీస్త’ అంటది.” రాజనర్సు తల విదిలించాడు. “మాట కొంచెమే. మనోడే కదుల్తలేడు.”

జరిగింది ఇంత. నిన్న పొద్దుగూకే ముందు దివాకర్ ఒక్కడే ఒడ్డుకు పోయాడు. ఒక రవ్వచేప పడింది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకొని, నీళ్లలోకి దిగి, కళ్లు మూసుకొని, “శ్రవణ్, పోయిరా” అని విడిచిపెట్టాడు. గట్టు మీద గడ్డి కోస్తున్న గూడెం ముత్తవ్వ చూసింది, విన్నది.

ఆ గూడెం నాయకపోడు గిరిజనులలో చేపను పేరు చెప్పి విడిచేది ఒక్కందుకే. మనిషి చనిపోయి, శవం ఇంటికి రాకపోతే. వెనకటికి వరదలో కొట్టుకుపోయినవాళ్లకు, అడవిలో దొరకనివాళ్లకు అట్లా చేసేవారట. గంగ నుంచి ఒక ప్రాణిని తీసి, పోయినవాడి పేరు దానికి చెప్పి, మళ్లీ గంగకే అప్పజెప్పడం. శ్రవణ్ నర్సక్క కొడుకు. మస్కట్‌లో ఉన్నాడు. ఫోను రాక చాలా రోజులైంది. ఉన్నవాడికి సాగనంపు చేస్తే ఏ తల్లి ఊరుకుంటుంది?

“పోరడు సార్లతోని తిరిగితిరిగి గట్లన్నడు,” మొగిలవ్వ నూకలు ఎత్తుకుంటూ అంది. “వాళ్లు చేపలు పట్టుడేంది, ఫోటో దిగుడేంది, మళ్ల ఇడుసుడేంది! తిననిదానికి పట్టుడెందుకని నేను మొదట్నే అంటి.”

ఆ మాట మొదట గూడెం కూడా అన్నది.

ఒకప్పుడు ఈ గాలం సార్లే గూడెం నువ్వుచేలను తొక్కుకుంటూ నదికి పోయేవారు. వాళ్లు వదిలేసిన తీగె కాలికి చుట్టుకొని గూడెం పెద్ద పరశురాములు దూడ కుంటిదైంది. అంతే, గూడెం ఒడ్డు మూసేసింది. మిగిలిన చోటంతా నిలువు గట్టు. నదికి దిగే జాగ గూడెం దగ్గర తప్ప లేదు. దివాకర్ మస్కట్ నుంచి వచ్చాక రెండువైపులా తిరిగాడు. సార్లు ఎక్కడ కూర్చోవాలో గూడెమే చెప్పాలన్నాడు. గూడెం మనిషి తోడు లేకుండా ఎవరూ దిగవద్దన్నాడు. గంగమ్మ కొలువున్న పెద్దమడుగు దిక్కు చూడవద్దు, చేప గుడ్డుతో ఉండే వానకాలంలో రావద్దు. సార్లు అన్నిటికీ ఒప్పుకున్నారు, వచ్చినప్పుడల్లా దివాకర్‌కూ గూడేనికీ ఇంత డబ్బు ఇవ్వడానికి కూడా. పట్టి విడిచే దగ్గరే మాట తెగలేదు.

“ఇడువుండ్రి,” అని చివరికి నర్సక్కే తేల్చింది. “నోరు మూసుకొని ఇడువుండ్రి. పేరు మాత్రం ఎత్తద్దు.”

వచ్చిన ప్రతి సారుకూ ఆ నియమం చెప్పేది దివాకరే. మరి అతని నోరే ఎట్లా జారింది?

రచనకు పొద్దుటి నుంచి ఆ ఒక్క ప్రశ్నే.

*

దివాకర్ కొట్టం వెనక కూర్చొని ఉన్నాడు. తండ్రి తాడిచెట్టెక్కే పాత మోకు ఒకటి ముందేసుకొని చుడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ చుడుతున్నాడు.

“సార్లు కూసున్నరు,” అంది రచన.

“పొమ్మను.”

“పొమ్మంటె పోతరు. మళ్ల రారు. వాళ్లు రాకపోతే పోయేది నువ్వు.”

అతను మోకు చుడుతూనే ఉన్నాడు.

“నీ పాస్‌పోర్టు ఇంకా కోరుట్ల ఏజెంటు కాడనే ఉన్నది. ఎందుకు తెస్తలేవంటె, బాట నిలవడ్డంక తెస్త అన్నవు. బాట నిలవడ్డది. రేపు తెస్త, ఎల్లుండి తెస్త. ఇగ ఇయ్యాల కంప వడ్డది. నేనేమనుకోవాలె?”

“ఏమన్న అనుకో.”

“పెండ్లైన కాడికెల్లి ఫోన్లనే కాపురం చేసిన. నీ మొఖం చేతిల వట్టుకొని పండుకున్న, ఛార్జింగ్ అయిపోతే నువ్వు గూడ అయిపోతుంటివి. మళ్ల గదేనా?” ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. “ఒక్క మాట. తప్పైంది అత్తా, నోరు జారిందను. గంతే గదా! ఆ మాటకు నీ సొమ్మేం పోతది?”

“నోరు జారలే.”

“ఏందీ?”

“జారలేదు రచనా. తెల్సే అన్న.”

కొట్టంలో బర్రె తోకతో ఈగలను కొట్టుకుంటున్నది.  రచన అతని పక్కన కూర్చోబోయి, కూర్చోలేక, గుంజ పట్టుకొని నిలబడింది.

“తెల్సి అనుడేంది?” అని మెల్లగా అడిగింది. అడుగుతున్నప్పుడే ఆమెకు జవాబు తెలిసిపోయింది.

“శ్రవణ్ లేడు.”

అతను మోకు కింద పెట్టాడు.

“సిరిసిల్ల పోశం చెప్పిండు. మా రూంల ఉండెటోడు. బట్టలు నేసే సాంచెలు బందువెడితే మస్కట్ వచ్చినోడు. సెలవు మీద ఇంటికచ్చిండని తెల్సి కలువనీకె పోయిన. శ్రవణ్ సంగతి అడుగుదామనే పోయిన. వాడు నన్ను ఇంట్ల కూసోనీయలే. బయటికి తీసుకపోయి, సాంచెల చప్పుడు కాడ నిలవెట్టి చెప్పిండు. పెండ్లాం ఇనద్దని.”

“ఏమైంది? ఎట్ల?”

“కంపెనీల జీతం ఇయ్యలే. శ్రవణ్ బయటవడ్డడు. ఖల్లివల్లి అయిండు. కాయిదాలు లేకుంట, దొరికిన కాడ పని, దొరికిన కాడ పండుడు. ఎండల పని చేసొచ్చి పండుకున్నడట. మళ్ల లెవ్వలే. పోశమే దవాఖానకు పోయి మొఖం జూసిండు.”

“మరి... శవం?”

“ఆడనే ఉంది.”

“ఆడనే అంటే?”

“దవాఖానల. ఐసుల. ఇంటోళ్లు అడిగితేనే కదులుతది. జగిత్యాల కలెక్టరాఫీసుల దరఖాస్తు వెట్టాలె, ఈడికెల్లి ఆడికి పోవాలె. అమ్మ వేలు ముద్ర వెయ్యాలె.”

“అమ్మకు తెల్వదు గదా!”

“తెల్వదు.”

రచన గుంజను వదిలి కింద కూర్చుంది. శ్రవణ్‌ను ఆమె చూసింది కొద్దిసార్లే. పెండ్లిలో బ్యాండు ముందు గంతులేసి, అంగీ చింపుకొని, దివాకర్ కొత్త అంగీ తొడుక్కొని పోయిన పిల్లవాడు. ఆ పిల్లవాడు ఎక్కడో చల్లటి డబ్బాలో, అడిగేవాళ్లు లేక పడి ఉన్నాడు. ఇక్కడ అతని తల్లి వేపమండ గుచ్చి కూర్చుంది, బతికున్న కొడుకుకు దిష్టి తగిలిందని.

“పోశం ఎన్నడు చెప్పిండు?”

దివాకర్ మోకును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“అడుగుతున్న. ఎన్నడు?”

“గూడెం కూసున్న దినానికి ముంగటి దినం.”

ఆ రోజు రచనకు బాగా గుర్తున్నది. పరశురాములు వాకిట్లో గూడెమంతా కూర్చున్నది. బాట ఇవ్వాలా వద్దా అని మాట పెరిగి పెరిగి, ఇక లేచిపోతారనుకున్నప్పుడు నర్సక్క లేచి నిలబడింది. “నా కొడుకు తోటి పోయిన పోరడు అడుగుతుండు,” అన్నది. “రేపు శ్రవణ్ వస్తె ఇద్దరు కలిసి ఈ బాట మీద బతుకుతరు. మళ్ల దేశాలు పట్టుకొని పోరు. నా కొడుకు మొఖం జూసి ఇయ్యుండ్రి.” ఆ మాటతోనే అందరూ తల ఊపారు. దివాకర్ అప్పుడు తల వంచుకొని కూర్చున్నాడు. నా మొగుడికి ఎంత వినయమని రచన ఆ రోజు మురిసింది.

“నువ్వు గా దినమే...”

“చెప్పాలనే పోయిన రచనా. అంజన్న తోడు. నోరు తెరిచిన. గప్పుడే ఆమె లేసింది.” దివాకర్ అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. “చెప్తె బాట పాయె. పరదేశంల పానం పోయినోని శవం ఇల్లు చేరేదాక వాళ్లు గంగ ఒడ్డుకు పరాయోళ్లను అడుగు వెట్టనియ్యరు. కాయిదాలు కదిలెటప్పటికి ఈ ఏడు పోతది. సార్లు ఇంకో తావు జూసుకుంటరు. నేను ఇమానం ఎక్కుత. రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న. రేపంటె రేపు, గట్లనే వచ్చె.”

“మరి నిన్న ఎందుకన్నవు?”

“వాడు నాకు గాలం వేసుడు నేర్పిన జాగ అది. రవ్వ పడ్డది. చేతుల కొట్టుకుంటుంటె...” అతను తన అరచేతులు చూసుకున్నాడు. “వాన్ని సాగనంపినోడు ఒక్కడు లేడు గదా అనిపిచ్చింది.”

రచనకు అతన్ని కొట్టాలనిపించింది. పట్టుకొని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. 

“తప్పైందను,” అంది.

“ఏందీ?”

“పోయి తప్పైందను. నోరు జారిందను.”

“నువ్వేనా అనేది?”

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని రచనకు అప్పుడు తెలిసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

“ఇంకో శ్రవణ్ గావద్దు నువ్వు. నాకు గంతే తెల్సు. బాట తెరువనీ. సార్లు ఇయ్యాల పోనీ. మెల్లగ మనమే చెప్దాం, మనమే తీసుకపోయి కాయిదాలు వెట్టిద్దాం. ఇన్ని దినాలున్నది, ఇంకిన్ని దినాలు...” అని, ఆ వాక్యం పూర్తి చేయలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

కొట్టం మూల నుంచి దగ్గు వినిపించింది. రాజనర్సు. వాళ్ల మాటలు ఆయనకు అందలేదు. కోడలు ఏడవడం మాత్రం చూశాడు, చూసి తనకు తోచినదే అనుకున్నాడు.

“ఒరే దివాకర్. తప్పైందన్న మాటకు ఏం బరువురా? కొండగట్టు మెట్ల మీద అంజన్న ముంగట ఎన్నిసార్లన్ననో నాకే యాది లేదు. దేవుని ముంగట వంగిన నడుము మనిషి ముంగట వంగితె ఇరుగదు. లే, నాయిన.”

పెద్దాయన చెప్పింది మంచి మాటే. మంచి మాట కూడా ఒక్కోసారి మనిషిని చెడ్డ పనికి నడిపిస్తుంది. దానికి దేవుడు ఎవరిని అడుగుతాడో తెలియదు.

దివాకర్ లేచాడు.

*

కంపకు ఇవతల, ఎండలోనే, నర్సక్క ఒక రాతి మీద కూర్చొని ఉంది. పక్కన పరశురాములు, వెనక ముత్తవ్వ. రాజనర్సు ఇంటివాళ్లంతా రావడం చూసి ఆమె లేవలేదు. కొంగు మాత్రం సర్దుకుంది.

“ఏం వదినె,” మొగిలవ్వ దూరం నుంచే అందుకుంది, “అల్లుడస్తున్నడని కంప పరిచినవా?”

“అల్లుడు సక్కగుంటె మామిడాకులే కడుతుంటి వదినె,” అంది నర్సక్క.

ఊరి వరసల సరసమే అది, కాని ఎవరూ నవ్వలేదు. మహేశ్ సారు, మిగిలినవాళ్లు కొంచెం ఎడంగా ఆగారు.

దివాకర్ ఆమె ముందు నిలబడ్డాడు. రచనకు అతని వీపు మాత్రమే కనిపిస్తున్నది.

“తప్పైంది అత్తా. నోరు జారింది.”

“జారిందో, జారవెట్టిండో!” ముత్తవ్వ అందుకుంది. “రెండు చేతుల వట్టి, కండ్లు మూసి అన్నడు. నేను జూసిన. జారెటోడు కండ్లు మూస్తడా?”

“ఊకో ముత్తవ్వా!” నర్సక్క ఆమె మీద విసుక్కుంది. “తప్పన్నడు గదా. పోరడు.” ఆమె దివాకర్ మొహంలోకి ఆశగా చూసింది. పొద్దుటి నుంచి బిగుసుకున్న ఆమె మొహం సడలుతుంటే రచన చూడలేకపోయింది. “సార్లు గట్ల మనసుల ఏదో అనుకొని ఇడుస్తరట గదా? మొక్కినట్టు? వాడు మంచిగుండాలనే అన్నవు గదా అల్లుడా?”

“అవునత్తా.”

“నిజమేనమ్మా,” అన్నాడు మహేశ్ సారు సాయం చేస్తున్నాననుకొని. “నేను గూడ మా బిడ్డ పరీక్ష పాస్ గావాలని అనుకున్న ఒకసారి. మనసులనే.”

“జూసినవా? నేననలేదా?” నర్సక్క ముత్తవ్వ వైపు తిరిగింది. లేచి, వేపమండ తీసి కళ్లకద్దుకొని పక్కన పెట్టింది. రేగుకంపను చేతులతోనే లాగసాగింది. రాజనర్సు ఉరికిపోయి అందుకున్నాడు. “జరుగన్నా, నా చేతులతోనే తీస్తనన్న గదా,” అంటూ ఆమె వినలేదు. ముళ్లు గుచ్చుకుంటున్నా సంబరంగా లాగుతున్నది.

పరశురాములు మాత్రం కదలలేదు.

“బాట తెరుసుడు సరే,” అన్నాడు. “పోయిన పేరు తెచ్చుకోవాలె గదా నర్సక్కా.”

“ఎట్లనే పెద్దబాపు?”

“ఇడిసిన జాగల, ఇడిసినోడే మళ్ల పట్టాలె. పట్టింది తల్లి వండాలె. పేరున్నోని ఇస్తారిల పట్టినోడు ఒక ముద్ద తినాలె. గప్పుడు పేరు ఇల్లు చేరినట్టు. మా తాత కాలంల ఒక పిచ్చోడు ఉన్నోని పేరు మీద ఇడిస్తె గట్లనే చేసిండ్రు.”

“గంతేనా? మా అల్లుడు పట్టకపోతె ఎవడు పడ్తడు!” అంది నర్సక్క.

దివాకర్ వెనక్కి తిరిగి రచనను చూశాడు. అంజన్నా, ఇయ్యాల చేప పడద్దు, అని రచన మనసులో మొక్కుకుంది. పొద్దుగూకే దాకా పడకపోతే రేపంటారు. రేపటికి ఏదో ఒకటి జరుగుతుంది.

చేప వెంటనే పడింది.

గాలం నీళ్లలో కుదురుకోకముందే తీగె బిగిసింది. రవ్వచేప, నిన్నటికంటే పెద్దది. ఎన్ని కోరికలు కోరినా వినని దేవుడు అడగని దాన్ని ఇట్లా చేతిలో పెడతాడెందుకో! మహేశ్ సారు చప్పట్లు కొట్టాడు. “అబ్బ, ఏం చేపండి!” అని హైదరాబాదు సారు ఫోను తీశాడు. పరశురాములు వద్దని చేయి ఊపితే దించేశాడు.

“ఇగ మీరు కూసోండ్రి సార్,” నర్సక్క వాళ్లకు చెప్పింది. “పెద్దమడుగు దిక్కు మాత్రం పోవద్దు. పెద్దబాపు, నువ్వు వాళ్ల తోటి ఉండు.” చేపను కొంగులో వేసుకొని ఇంటికి నడిచింది. ఆమె నడక చిన్నపిల్ల నడకలాగా ఉంది.

*

నర్సక్క ఇల్లు ఒక్క గది. పొయ్యి వాకిలి పక్కనే. రాజనర్సు గడప బయట, మొగిలవ్వ లోపల పీట మీద, ముత్తవ్వ గోడకు ఆనుకొని. రచన తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమంటే, ఫరవాలేదంది.

“నీ కొడుకు వస్తె ఏం వండుతవు వదినె?” మొగిలవ్వకు మళ్లీ హుషారు వచ్చింది.

“వానికి చింతపులుసు వడది. నూనెల గోలిచ్చి వెట్టాలె. మీ దివాకర్‌కు పులుసు గావాలె. ఇద్దరు పోరగాండ్లు ఒక్క తీర్గ తినరు!” నర్సక్క చేప ముక్కలకు కారం పట్టిస్తూ నవ్వింది. “ఇయ్యాల గోలిచ్చిందే. వాని పేరు మీద గదా.”

రచన ఒకసారి నోరు తెరిచింది. “పెద్దమ్మా...” అంది.

“ఏంది బిడ్డా?”

“ఏం లేదు. నీళ్లు తేవాల్నా?”

“ఉన్నయి. నువ్వు కూసో, కాళ్లు గుంజుతయి.”

మోదుగాకుల ఇస్తార్లు మూడు పరిచింది నర్సక్క. ఒకటి తనకు, ఒకటి దివాకర్‌కు, నడుమది శ్రవణ్‌కు. అన్నం పెట్టింది. అన్నిటికంటే మంచి ముక్క ఏరి నడిమి ఇస్తారిలో వేసింది.

“ముందుగాల వాని ఇస్తారిల ఒక్క ముద్ద. తర్వాత నీది నువ్వు తిను.”

దివాకర్ చేయి కడుక్కున్నాడు. నడిమి ఇస్తారిలో చేయి పెట్టాడు. అన్నం కలిపాడు. ముద్ద చేశాడు. ముద్ద చేతిలోనే ఉంది.

తిను, అనుకుంది రచన. వెంటనే, తినకు, అనుకుంది. రెండింటిలో ఏది తన మనసో ఆమెకు తెలియలేదు.

“ఏంది అల్లుడా? ముండ్లున్నయా?” నర్సక్క ముందుకు వంగింది. “ఆగు, తీసిస్త. శ్రవణ్‌కు గూడ గంతే, ఇంత పెద్దగైనా ముండ్లు తీసుకొనుడు రాదు.” ఆ ఇస్తారిలోని ముక్కను విప్పి, సన్నటి ముళ్లను ఒక్కొక్కటే గోటితో తీసి, మెత్తటి మాంసం అతని వేళ్ల దగ్గరికి జరిపింది. ఆమె చేతి మీద రేగుముళ్లు గుచ్చుకున్న చోట ఇంకా నెత్తురు చెమ్మ ఉంది. “ఇగ తిను.”

దివాకర్ చేయి తెరుచుకుంది. ముద్ద జారి ఇస్తారిలో పడింది.

అతను ఏడవలేదు. చేయి మాత్రం మళ్లీ ముద్ద చేయలేదు. అన్నం మీద అట్లాగే ఉండిపోయింది.

నర్సక్క ఆ చేతినే చూసింది. మొహం వైపు చూడలేదు.

“తినురా,” రాజనర్సు బయట నుంచి అన్నాడు. “ఆమె అంత కష్టపడి...” అని, కొడుకు చేయి చూసి, ఆ మాట సగంలో ఆపి, “అంజన్నా,” అన్నాడు. 

నర్సక్క లేచింది. ఆమె ఏదో మర్చిపోయినది తేవడానికి లేచినట్టే లేచింది. కుండ దగ్గరికి పోయి చెంబు ముంచింది. పొయ్యి ముందు నిలబడి, మండుతున్న కట్టెల మీద నీళ్లన్నీ గుమ్మరించింది.

పొయ్యి బుస్సుమన్నది. గదంతా బూడిద పొగ కమ్మింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి మండదు.

ముత్తవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది. “వదినె! ఏందిది వదినె! అపశకునం...” అంటున్న మొగిలవ్వకు కూడా మాట మధ్యలో అర్థమైంది. పీట మీద నుంచి జారి నేల మీద కూర్చుంది.

ఒడ్డు మీద ఎవరో సారు, “ఇంకోటి పడ్డది!” అని సంతోషంగా కేక వేశాడు.

పొగ తగ్గాక నర్సక్క వచ్చి దివాకర్ ఎదురుగా, అదే చోట కూర్చుంది. అందరూ ఏడుపు కోసం ఎదురుచూస్తున్నారు. ఏడుపు రాలేదు. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది, ఇంటికి వచ్చినవాడిని వచ్చే తోవలో వాన పడిందా అని అడిగినట్టు.

“నీకు ఎన్నడు తెల్సింది?”

దివాకర్ తలెత్తి రచన వైపు చూశాడు.

నర్సక్క కూడా తిరిగి, తలుపు దగ్గర నిలబడ్డ రచనను ఒకసారి పైనుంచి కింది దాకా చూసింది. మళ్లీ అతని వైపు తిరిగింది.

“ఆమెను గాదు. నన్ను జూడు కొడుకా. నేను గూడెంల లేసి నిలవడక ముందా, నిలవడ్డంకనా?”